సవరణ: ఇంజిన్ బే పెయింట్ గురించి నేను రాసింది తప్పు

పాత మారుతి 800 ఇంజిన్ బే (బానెట్ కింద ఇంజిన్ ఉండే చోటు) మొత్తానికి సైలెన్సర్‌కి వాడే హీట్ ప్రూఫ్ స్ప్రే కొట్టేయమని మొన్న రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఆ పెయింట్ గట్టిపడాలంటే దశలవారీగా దాదాపు 300 డిగ్రీల దాకా కాగాలి. ఇంజిన్ నుంచి వేడి పొగ బయటికొచ్చే గొట్టం, అంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, అంత కాగుతుంది, ఫెండర్ లోపలి రేకు కాగదు. కాబట్టి అది మెత్తగానే ఉండిపోతుంది. నా బండిలో బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి నెట్టే మాస్టర్ సిలిండర్ కింద రెండు చుక్కలు బ్రేక్ ఆయిల్ కారింది. మర్నాటికి పెయింట్ పాల మీగడలా ముడతలు పడింది, గోటితో గీకితే రేకు బయటపడింది.

అక్కడ అసలు శత్రువు వేడి కాదు, బ్రేక్ ఆయిలూ పెట్రోలూ. ఎపాక్సీ ప్రైమర్ (రేకు మీద వేసే అడుగు పూత) మీద హార్డెనర్ కలిపే టూకే పీయూ, అంటే రెండు భాగాల పాలీయూరిథేన్ పెయింట్, కొట్టించండి, బాడీ రంగులోనే. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్ చవకే కానీ పెట్రోల్‌ని సరిగ్గా తట్టుకోదు. టూకే మీద పడినా బ్రేక్ ఆయిల్‌ని వెంటనే నీళ్లతో కడిగేయాల్సిందే.

ఇంకోటి, హార్డెనర్‌లో ఐసోసయనేట్లనే, ఊపిరితిత్తులకి హాని చేసే రసాయనాలు ఉంటాయి. ముక్కుకి జేబురుమాలు కట్టుకుని ఇంట్లో కొట్టకండి, పెయింట్ బూత్ (గాలి బయటికి లాగే మూసిన గది) ఉన్న షెడ్డుకే ఇవ్వండి. హీట్ ప్రూఫ్ డబ్బా మిగిలితే మానిఫోల్డ్‌కి వాడుకోండి.