డీవీడీకి తాళం వేస్తే సరిపోదు
ఇంట్లో రైట్ చేసుకున్న డీవీడీకి ఒక సాఫ్ట్‌వేర్‌తో లాక్ పెడితే ఇక ఎవరూ కాపీ తీయలేరని ఒక వ్యాసంలో రాశారు, దీంతో నేను అస్సలు ఒప్పుకోను. సినిమా కంపెనీల డిస్కుల్లో ఉండే సీఎస్ఎస్ అనే లాక్ తాళంచెవులు డిస్కులో లోపలి అంచున ఒక ప్రత్యేక భాగంలో ఉంటాయి, మనం షాపులో కొనే మామూలు డీవీడీ-ఆర్‌లో (ఒకసారి రాసుకునే ఖాళీ డిస్కులో) ఆ భాగాన్ని మన రైటర్ రాయలేకుండా తయారీలోనే మూసేస్తారు, కాబట్టి అసలైన లాక్ మన చేతికి రాదు. పైగా ఆ సీఎస్ఎస్‌నే 1999లో డీసీఎస్ఎస్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో విప్పేశారు. మిగిలిన సాఫ్ట్‌వేర్లు చేసేదల్లా డిస్కులో డేటా ఉండే చిన్న ముక్కల్ని, అంటే సెక్టార్లని, కొన్నిచోట్ల కావాలని చెడగొట్టి, ఉత్తుత్తి ఫైళ్లు పెట్టి కాపీ ప్రోగ్రామ్‌ని తికమక పెట్టడం. నేను పెళ్లి వీడియోలు తీస్తాను, అలా చేసిన డిస్కు ఒక కస్టమర్ ఇంట్లో పాత ప్లేయర్‌లో మధ్యలోనే ఆగిపోయింది, పెద్దవాళ్లంతా కూర్చున్నారట, ఫోన్లో ఆమె గొంతు వింటే చాలా బాధేసింది. డబ్బులిచ్చినవాళ్లకే ఇబ్బంది, కాపీ తీయాలనుకున్నవాడు మాత్రం టీవీకి వెళ్లే వీడియో వైరుని రికార్డర్‌కి పెట్టుకుంటాడు, తెర మీద బొమ్మ కనబడిందంటే దాన్ని పట్టుకునే దారి ఉన్నట్టే. నేనైతే ఇప్పుడు బాకీ తీరేదాకా బొమ్మ మీద స్టూడియో పేరు అడ్డంగా వేసిన శాంపిల్ మాత్రమే ఇస్తున్నాను, పూర్తి డబ్బు అందాక ఏ లాకూ లేని శుభ్రమైన డిస్కు ఇస్తాను, వాళ్ల పెళ్లి వీడియో వాళ్లు బంధువులకి ఎన్ని కాపీలైనా పంచుకోనివ్వండి.