ముద్దుగా కాటు, ఎదిగాక వేటు

రెండు నెలల కుక్కపిల్ల పసివాడి మణికట్టు పట్టుకుని గుంజుతుంటుంది. వాడు కెవ్వుమంటాడు. చుట్టూ ఉన్న పెద్దలు పగలబడి నవ్వుతారు, ఒకరు ఫోన్‌లో తీస్తారు, సాయంత్రానికి అది రీల్‌గా తిరుగుతుంది. కింద వరసగా ‘సో క్యూట్’లు. ఎనిమిది నెలలు గడిచేసరికి అదే ఇంట్లో అదే కుక్క అదే పని చేస్తే పేరు మారుతుంది: ‘పిచ్చికుక్క’. ముందు గొలుసు, తర్వాత మేడ మీద ఎండ, ఆనక ఏ అర్ధరాత్రో ఊరి పొలిమేరలో కారు తలుపు తెరిచి దింపేయడం. నవ్విన నోళ్లే శిక్షా వేస్తున్నాయి. దీన్ని జంతుప్రేమ అనడానికి మాకు మనసు రావడం లేదు.

2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడు వీధికుక్కల దాడిలో చనిపోయిన నాటి నుంచి 2025లో సుప్రీంకోర్టు ఉత్తర్వుల దాకా చర్చంతా వీధి చుట్టూనే నడిచింది. పెంపుడు కుక్కల మాట వస్తే జాతుల గొడవ. 23 జాతుల పెంపకాన్ని, అమ్మకాన్ని ఆపాలని 2024 మార్చిలో కేంద్రం రాష్ట్రాలకు లేఖ రాసింది. ఏప్రిల్‌లోనే ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ జాబితాలో లాబ్రడార్ లేదు, జర్మన్ షెపర్డ్ లేదు. వాటికి పళ్లు లేవా? ఏ జాతి పిల్లకైనా రెండు నెలలకు 28 పాలపళ్లు ఉంటాయి, సూదిమొనల్లాంటివి. వాటితో ఏం చేయాలో, ఎంత బలంగా చేయాలో నేర్పాల్సింది ఇల్లే. ఇంటి పని ఎగ్గొట్టి జాతిని తిట్టడం మనకు అలవాటైపోయింది.

ఆ చదువు నిజానికి తల్లి దగ్గరే మొదలవుతుంది. ఒక పిల్ల తోబుట్టువు చెవిని గట్టిగా కొరికితే అది కుయ్యిమని ఆట మానేస్తుంది. పాలు తాగేటప్పుడు పన్ను దిగితే తల్లి లేచి వెళ్లిపోతుంది. ఇంత కొరికితే ఆట ఉండదు, పాలుండవు అన్న లెక్క అక్కడ ఒంటబడుతుంది. అందుకే ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకాల నిబంధనలు స్పష్టంగా చెప్పాయి. ఆచరణలో? నెల దాటితే చాలు అట్టపెట్టెలో పెట్టి చేతికిస్తున్నారు. అమ్మేవాడిది ఆశ సరే, కొనేవాడికేమైంది? ఇంకా చిన్నది కావాలి, అరచేతిలో పట్టేంతది కావాలి అని అడుగుతున్నది మనమే. బడి మాన్పించి తెచ్చుకుని, చదువు రాలేదని తర్వాత తన్నేదీ మనమే.

నేర్పడం కష్టం కాదు గానీ క్రమం తప్పితే చెడుతుంది. ముందు పంటి బలం తగ్గించాలి, ఆ తర్వాతే కొరకడాన్ని మాన్పించాలి. పశువైద్యుడు, కుక్కల ప్రవర్తన నిపుణుడు ఇయాన్ డన్‌బార్ దశాబ్దాలుగా చెబుతున్నది ఇదే. మొదటిరోజు నుంచే పన్ను తగలనివ్వకుండా నోరు మూయిస్తే తన దవడ బలమెంతో ఆ పిల్లకు ఎన్నటికీ తెలియదు. మూడేళ్ల తర్వాత నిద్రలో ఎవరో తోక తొక్కుతారు. బలం తెలిసిన కుక్క పన్ను తాకించి వదిలేస్తుంది. తెలియనిది కండలోకి దించుతుంది. కుట్లు పడతాయా లేదా అన్నది రెండో నెలలో జరిగిన ఆట మీద ఆధారపడి ఉంటుందంటే ఎంతమంది నమ్ముతారు?

తొలి రోజుల్లో గట్టి కాట్లకే ఆట ఆపాలి. నొప్పి పుట్టగానే ‘ఆఁ’ అని ఒక్క మాట, చెయ్యి మాత్రం కదపకూడదు. లాక్కున్న చెయ్యి పిల్ల కళ్లకు పారిపోయే ఎలుక. వెంటపడి ఇంకా గట్టిగా పడుతుంది, చర్మం చీరేది అప్పుడే. చెయ్యి వదులుగా ఉంచితే సరదా పోయి తానే నోరు తెరుస్తుంది. అప్పుడు చూపు తిప్పుకుని పది, పదిహేను సెకన్లు రాయిలా ఉండి, మళ్లీ ఆట మొదలుపెట్టాలి. మళ్లీ గట్టిగా పట్టిందా, లేచి గది దాటి తలుపు దగ్గరకు వేయాలి, అరనిమిషం పాటు. వెళ్లాల్సింది మనం, పిల్లను మెడ పట్టి ఈడ్చుకెళ్లడం కాదు. ఈడిస్తే అదో కొత్త ఆట అవుతుంది, లేదా చెయ్యంటేనే భయం పడుతుంది. అయిదు నిమిషాలు బయట నిలబడినా లాభం లేదు, తనను ఎందుకు వదిలేశారో దానికి అంతసేపు గుర్తుండదు. కొన్ని పిల్లలు కేక వింటే మరింత రెచ్చిపోతాయి. వాటి దగ్గర మౌనంగా లేవడమే మందు. గట్టి కాట్లు తగ్గాక మధ్యరకం వాటికి, ఆ తర్వాత పన్ను ఆనినా సరే, ఆట బందు. వారాలు పట్టే పని ఇది, పూటలో తేలదు. నాలుగో నెల నుంచి పాలపళ్లు రాలుతూ ఏడో నెలకల్లా 42 గట్టి పళ్లు నిలుస్తాయి, దవడా ముదురుతుంది. పాఠం అంతకు ముందే అయిపోవాలి.

పళ్లకు పని కూడా చూపాలి. చేత్తో కాకుండా తాడు బొమ్మతో ఆడించాలి, అదీ కనీసం మూరెడు పొడవుది. జానెడు బొమ్మ చివర ఎప్పుడూ మన వేళ్లే ఉంటాయి. లుంగీ అంచు, చీర కుచ్చిళ్లు, పిల్లల పరికిణీలు దానికి ఊగుతూ పోయే వేట. అది పట్టుకుంటే అడుగు ఆపేయాలి, ఎదురుగా బొమ్మను నేల మీద ఈడ్చాలి. బొమ్మ పట్టగానే వేరుశనగ గింజంత ఉడికించిన చికెన్ ముక్క ఇవ్వాలి. పళ్లు మారే రోజుల్లో చిగుళ్ల సలుపుకి తడిపి మెలిపెట్టి ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన గుడ్డ బాగా పనిచేస్తుంది. వండిన కోడి ఎముకలు వద్దు, పుల్లల్లా చీలి గొంతులో, పేగులో గుచ్చుకుంటాయి. పాత చెప్పు ఇచ్చి కొరుక్కోమనడం మరో తెలివితక్కువ పని. పాతదేదో, నిన్న కొన్నదేదో దానికేం తెలుసు?

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఈ వయసు పిల్ల రోజుకు 18 నుంచి 20 గంటలు నిద్రపోవాలి. చుట్టాలు వచ్చారని, పిల్లలు బడి నుంచి వచ్చారని సాయంత్రమంతా చేతులు మార్చి ఆడిస్తే ఏడింటికి పూనకం వచ్చినట్టు కనబడిందల్లా కొరుకుతుంది. అది పొగరు కాదు, నిద్ర చాలని పసిదాని చిరాకు. గంట మెలకువగా ఉంటే పడుకోబెట్టాలి.

ఇన్ని చేసినా ఒక్క మనిషి చాలు, అంతా బూడిదలో పోయడానికి. అమ్మ ఆట ఆపుతుంది, నాన్న వేళ్లు ఆడించి ‘పట్టు, పట్టు’ అంటాడు, తాతయ్య మురిసిపోతాడు. పదిసార్లలో ఒకసారి ఫలించినా చాలు, ఆ ఒక్కసారి కోసం మిగతా తొమ్మిదిసార్లూ ప్రయత్నిస్తుంది. రోజూ ఫలించే అలవాటు కన్నా అప్పుడప్పుడూ ఫలించేది మాన్పించడం కష్టం, లాటరీ టికెట్ల సంగతి తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

పళ్లొచ్చే వయసు కదా, అదే మానుతుందని కొందరంటారు. నోటి దురద తగ్గేమాట నిజమే, మనిషి చెయ్యి ఆటవస్తువన్న అలవాటు మాత్రం దానంతటది పోదు. కరిచే పిల్లే కాపలాకు పనికొస్తుందన్నది ఇంకో వాదన. ఇంటి పిల్లాడి చేతిని కొరికే కుక్క దొంగను పడుతుందని ఏ శాస్త్రం చెప్పింది?

ఇక నవ్వడం అయిపోయాక మొదలయ్యే రెండో అంకం, కొట్టడం. మూతి మీద చరవడం, దవడలు నొక్కి పట్టడం, వెల్లకిలా పడేసి అదమడం, చేతికి కారం రాసుకుని కొరికించడం. మూతి మీద దెబ్బలు తిన్న పిల్ల నిమరడానికి వచ్చిన చేతికీ బెదురుతుంది, బెదిరిన కుక్కే కరుస్తుంది. గుర్రుమంటే కొట్టడం అన్నిటికన్నా ప్రమాదం. గుర్రు దాని హెచ్చరిక. అది మానిపించారంటే ఇక చెప్పకుండా కరవడమే మిగులుతుంది. ముందుకాళ్లు వంచి, వెనక భాగం ఎత్తి, ఒళ్లంతా వదులుగా ఊపుతూ కొరికితే ఆట. ఒళ్లు బిగించి, చూపు నిలిపి, గిన్నె దగ్గరో ఎముక దగ్గరో గుర్రుమని కొరికితే ఆట కాదు. అప్పుడు పశువైద్యుడి దగ్గరకు వెళ్లాలి, యూట్యూబ్ దగ్గరకు కాదు.

ఇంటి పిల్లే కదా అని పంటి గాట్లను తుడిచేసుకునేవారికి ఒక మాట. కుక్కపిల్లకు రేబిస్ టీకా సాధారణంగా మూడో నెలలో వేస్తారు. అంటే ఎక్కువగా కొరికే రోజుల్లోనే దానికి రక్షణ ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో, రేబిస్ అనుమానం ఉన్నచోట, బట్ట లేని చర్మాన్ని కొరికి రక్తం రాకపోయినా అది రెండో శ్రేణి, టీకా అవసరం. రక్తం వస్తే మూడో శ్రేణి, గాయం దగ్గర ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పనిచేసే దాకా కాపాడే సిద్ధ యాంటీబాడీల మందు) కూడా వేయాలి. ముందు కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, పసుపూ సున్నమూ అద్దకూడదు. చర్మంలోకి ఇచ్చే టీకా అయితే మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో. ఒక్కటీ తప్పకూడదు.

చట్టం సంగతి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. పెంపుడు జంతువు విషయంలో నిర్లక్ష్యంగా ఉండి మనుషులకు ముప్పు తెస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అదే కుక్కను రోడ్డున వదిలేస్తే? 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం తొలి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఒక ప్లేటు ఇడ్లీ ఖరీదు. దీన్ని సవరించకుండా జాతుల జాబితాలు రాసుకుంటూ కూర్చున్న పాలకులూ రీల్ తీసిన ఇంటివారి పోలికే.

వేలకు వేలు పోసి పిల్లను తెచ్చుకునేవారికి రోజుకు నాలుగుసార్లు, అయిదేసి నిమిషాలు ఆడిస్తూ, గట్టిగా కొరికినప్పుడల్లా ఆట ఆపే ఓపిక లేదంటే మేం నమ్మం. నిజంగానే లేకపోతే అడ్వాన్సు వెనక్కి తీసుకోండి. ఇప్పటికే తెచ్చుకుని ఉంటే ముందు ఆ ఫోన్ పక్కన పెట్టి, దాని నోట్లోంచి పిల్లాడి చెయ్యి విడిపించండి.