పలక మీద అభియోగ పత్రం

కొన్న వస్తువును మెచ్చుకోవడం ఎవరైనా చేస్తారు. దాన్ని రోజూ తిట్టుకుంటూ, తిడుతూనే చార్జింగ్ పెట్టుకుంటూ, నెలనెలా ఈఎంఐ కట్టుకుంటూ బతకడానికి మాత్రం నిష్ఠ కావాలి. ఆ నిష్ఠ నాకుందని వినయంగా మనవి చేసుకుంటున్నాను.

మా ఇంటికి కొత్త టాబ్లెట్ వచ్చి నలభై రోజులైంది. ఏ కంపెనీదో చెప్పను. ఇంకా పదకొండు వాయిదాలు బాకీ ఉన్నాయి, ఇప్పుడే వాళ్ళతో గొడవెందుకు? పెట్టె విప్పుతూ "టాబ్లెట్ వచ్చింది నాన్నగారూ" అంటే, మా నాన్నగారు మంచం మీంచి లేవకుండానే "పరగడుపునా, తిన్నాకా?" అని అడిగారు. ఆయనది బీపీ కేసు. టాబ్లెట్ అంటే ఆయనకు అంతకు మించి తెలియదు. ఇంట్లో దీని గురించి స్పష్టమైన అంచనాలు ఉన్నది ఆయనకొక్కరికే అని తర్వాత అర్థమైంది.

ఫిర్యాదుల కోసం నేనో పుస్తకం పెట్టాను. రెండు వందల పేజీల రూళ్ళ నోటుబుక్కు. టాబ్‌లోనే రాసుకోవచ్చు కదా అని మా అబ్బాయి సలహా. ముద్దాయి మీద సాక్ష్యాలు ముద్దాయి చేతికే ఇచ్చి దాచమంటామా?

మొదటి ఫిర్యాదు అట్టపెట్టె విప్పిన ఏడో నిమిషంలో రాశాను: "అద్దం మీద వేలిముద్రలు పడుతున్నాయి." ఆ వేళ్ళు మా ఆవిడవి. అప్పుడే పులిహోర కలిపి వచ్చింది. అద్దం మీద అయిదు పసుపు చుక్కలు, ఒక ఆవగింజ. పులిహోర కలిపిన చేతిని తప్పు పట్టే వంశం కాదు మాది, కాబట్టి తప్పు అద్దానిదే. రెండో ఫిర్యాదు: "ఫోన్ కంటే పెద్దదిగా ఉంది." మూడోది: "ల్యాప్‌టాప్ కంటే చిన్నదిగా ఉంది."

"రెండూ తెలిసే కొన్నావు కదా నాన్నా" అన్నాడు మావాడు.

తెలిసి కొంటే ఫిర్యాదు చేయకూడదని ఏ చట్టంలో ఉంది? ఎండలు తెలిసే కదా విజయవాడలో ఇల్లు కట్టుకున్నాం. మేలో ఎండను తిట్టడం మానేశామా?

అసలు ఆ రెండో ఫిర్యాదుకీ మూడో ఫిర్యాదుకీ మధ్య ఉన్న సందులోనే ఇంత వ్యాపారమూ పుట్టింది. 2010 జనవరి 27న శాన్‌ఫ్రాన్సిస్కోలో యాపిల్ కంపెనీ అధిపతి స్టీవ్ జాబ్స్, ఫోనుకీ ల్యాప్‌టాప్‌కీ నడుమ మూడో వస్తువుకు చోటుందా అని సభను అడిగి, ఉందని తానే జవాబు చెప్పి, ఐప్యాడ్ చూపించాడు. చూపించింది కూడా ఎలా? వేదిక మీద తోలు కుర్చీ వేయించుకుని, కాలు మీద కాలేసుకుని. ఏప్రిల్ 3న అమెరికాలో అమ్మకాలు మొదలయ్యాయి, ధర 499 డాలర్ల నుంచి. 28 రోజుల్లో పది లక్షలు అమ్ముడయ్యాయి. అందులో కెమెరా లేదు. యూఎస్‌బీ పోర్టు లేదు. అప్పట్లో వెబ్‌సైట్లలో వీడియోలు ఆడించే ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ నడవదు. ఇవేవీ లేవని జనవరిలోనే లోకమంతా గగ్గోలు పెట్టింది. గగ్గోలు పెట్టినవాళ్ళలో ఎంతమంది ఏప్రిల్‌లో దుకాణం ముందు వరుసలో నిలబడ్డారో లెక్క లేదు గానీ, ఆ వరుసలోని మనుషుల మనసు నాకు తెలుసు. మనవాళ్ళే.

మరుసటి ఏడు ఐప్యాడ్ 2 వచ్చింది. కెమెరాలు ముందొకటి, వెనకొకటి. ఇక్కడే నేను పాఠకుల దృష్టిని ఒక ఘోరమైన అన్యాయం వైపు మళ్ళించదలచుకున్నాను. కెమెరా లేదని చెప్పింది ఎవరు? మనం. ఏడాది పొడవునా గొంతు పోయేలా అరిచింది ఎవరు? మనం. ఆ అరుపులన్నీ శ్రద్ధగా రాసుకుని, "ఇదిగో కెమెరా" అని కొత్త పెట్టెలో పెట్టి మళ్ళీ మనకే అమ్మారు. మన పెరట్లో కాకరకాయలు కోసుకెళ్ళి మన వీధిలోనే కిలో అరవై అని కేకేసినట్టుంది. జీతం లేని ఇంజినీర్లం మనం. పీఎఫ్ లేదు, దసరా బోనస్ లేదు. కనీసం ఆ కెమెరా ఉన్నదాన్ని మనకు సగం ధరకైనా ఇవ్వాలా, వద్దా? ఇవ్వకపోగా, పెళ్ళిళ్ళలో తలంబ్రాలప్పుడు ముందు వరుసలో లేచి నిలబడి పళ్ళెమంత టాబ్ ఎత్తి ఫొటో తీస్తుంటే, వెనక వరుసల వాళ్ళు మనల్నే తిట్టారు.

లెక్కల యంత్రం సంగతి చూడండి. కిరాణా కొట్టులో వంద రూపాయల కాలిక్యులేటర్ ఉంటుంది. ఐప్యాడ్‌లో కంపెనీ వారి సొంత కాలిక్యులేటర్ 2024 దాకా లేదు. పద్నాలుగేళ్ళు! శ్రీరాముడి అరణ్యవాసం ఎంతో సరిగ్గా అంత. ఎందుకు పెట్టలేదంటే, బాగా చేయగలిగినప్పుడే చేద్దామనుకున్నామని చెప్పారు. కూడికలు ఇంకా ఎంత బాగా చేయాలో మనకు తెలియదు. వాతావరణం యాప్ 2022లో ఇచ్చారు. అప్పటిదాకా ఐప్యాడ్ కొన్నవాళ్ళు వానొస్తుందో లేదో కిటికీ లోంచి చూసుకుని ఉంటారు. అప్పడాలు ఎండబెట్టేటప్పుడు మా అత్తగారు అనుసరించే పద్ధతీ అదే, ఆవిడకు ఏ వెర్షనూ అవసరం రాలేదు. వాట్సాప్ అయితే 2025 మేలో వచ్చింది. తెల్లవారుజామున గులాబీ పువ్వు, దాని కింద శుభోదయం, పక్కన వివేకానందుడు, ఇవన్నీ ఐప్యాడ్ తెర మీద వాట్సాప్ యాప్‌లోనే చూసుకునే భాగ్యం పదిహేనేళ్ళు వాయిదా పడిందన్నమాట.

ఫ్లాష్ గురించి ఏడ్చినవాళ్ళ గతి ఇంకా జాలి. 2020 డిసెంబరు 31తో దాన్ని నడిపే అడోబీ కంపెనీ వాళ్ళే ఫ్లాష్‌కు నీళ్ళొదిలేశారు. లేదని ఏడ్చిన వస్తువు ఎక్కడా లేకుండా పోయాక ఆ ఫిర్యాదు ఎవరికిచ్చుకోవాలి?

2012 మార్చిలో మూడో ఐప్యాడ్ కొన్నవాళ్ళను తలచుకుంటే మాత్రం నాకు నిజంగానే కడుపు తరుక్కుపోతుంది. అక్టోబరుకల్లా నాలుగోది ప్రకటించారు. ఇంట్లో ఆడపిల్లకు సీమంతం చేసే ఏడో నెలకే వాళ్ళ టాబ్ ముసలిదైపోయింది. పెన్ను కథ మరోటి. స్టైలస్ ఎవడికి కావాలని 2007లో జాబ్స్ ఎగతాళి చేశాడు. 2015లో అదే కంపెనీ పెన్సిల్ అని పేరు పెట్టి అమ్మింది. దానికి చార్జింగ్ ఎక్కించాలంటే టాబ్ అడుగున గుచ్చి, నిటారుగా వదిలేయాలి. అరటిపండుకు అగరొత్తి గుచ్చినట్టు. ఆ దృశ్యం చూసి కూడా దణ్ణం పెట్టని తెలుగువాడు ఉంటాడంటే నేను నమ్మను.

తెలుగువాడంటే గుర్తొచ్చింది. 2018 ఫిబ్రవరిలో మన భాష ఈ పరికరాల మీద ఒక ప్రతీకారం తీర్చుకుంది. "జ్ఞా" అనే అక్షరం ఒక పద్ధతిలో రాసి పంపితే ఐఫోన్లలో, ఐప్యాడ్లలో యాప్‌లు టపటపా మూసుకుపోయేవి. ఫిబ్రవరి 19న కొత్త వెర్షన్ పంపి సర్దుకున్నారు. అంత పెద్ద కంపెనీ, అంత ఖరీదైన సరుకు, జ్ఞానం దగ్గరికొచ్చేసరికి తట్టుకోలేకపోయింది. ఒకటో తరగతిలో మా మాస్టారు నా చేత ఇదే అక్షరం రాతిపలక మీద రెండొందల సార్లు రాయించారు. పలకకు ఏమీ కాలేదు. నాకే జ్వరం వచ్చింది.

ఇక మా ఇంటి ముద్దాయి దగ్గరికొస్తాను. పందొమ్మిదో నంబరు ఫిర్యాదు కాస్త వివరంగా చెప్పాలి.

కార్తీక మాసంలో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. పంతులుగారికి కళ్ళజోడు మార్చాల్సి ఉందట. పుస్తకం దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి, "అక్షరం పెద్దగా కనిపించేది ఏమైనా ఉందా బాబూ?" అన్నారు. నేను ఉత్సాహంగా టాబ్ తెచ్చి మా తాతగారి నాటి వ్యాసపీఠం మీద పెట్టాను. కొలత తీసి చేసినట్టు కూర్చుంది. బంధువులు మెచ్చుకున్నారు. అంతవరకు బాగానే ఉంది. రెండు నిమిషాలకోసారి తెర ఆరిపోవడం మొదలైంది. ఆరినప్పుడల్లా నేను పీట మీంచి ముందుకు వంగి, గుప్పిట్లో అక్షతలు జారకుండా, చిటికెనవేలితో తట్టాలి. ముఖం చూపిస్తే చాలు తెరుచుకుంటుందని అమ్మేటప్పుడు చెప్పారు. విభూతి, కుంకుమ, చెమట కలిసిన నా ముఖాన్ని అది ఎవరో అనుకుంది. "అంకె ఏదో అడుగుతోంది బాబూ" అన్నారు పంతులుగారు. పాస్‌కోడ్‌ను ముప్ఫై మంది ముందు పైకి చెప్పాల్సి వచ్చింది. ఆ అంకెలు మా పెళ్ళి తేదీ కావన్న విషయం పక్క పీట మీద కూర్చున్న మా ఆవిడ అక్కడికక్కడే గమనించింది.

అదీ దాటాం. కథ కళావతి ఘట్టానికి వచ్చింది. మొగుడొచ్చాడన్న సంతోషంలో ప్రసాదం తీసుకోకుండా రేవుకు పరుగెత్తింది, పడవ మునిగింది. అందరూ ఊపిరి బిగబట్టి వింటున్నారు. సరిగ్గా అప్పుడే తెర పైనుంచి ఒక నోటిఫికేషన్ జారింది. చదివే ఊపులో ఉన్న పంతులుగారు "ఆకలిగా ఉందా" దాకా రాగయుక్తంగా చదివి, బిర్యానీ అన్న మాట దగ్గర ఆగిపోయారు.

"తెర ఆరే టైమ్ పెంచుకోవచ్చు, నోటిఫికేషన్లు ఆపుకోవచ్చు, సెట్టింగ్స్‌లో అన్నీ ఉన్నాయి నాన్నా" అంటాడు మావాడు. ఉంటే ఉండనీ. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి నాలుగు మీటలు నొక్కేస్తే పందొమ్మిదో ఫిర్యాదు చచ్చిపోతుంది. పెంచి పెద్ద చేసుకున్న ఫిర్యాదది.

ఈ అబ్బాయి గురించి కూడా ఒక మాట. టాబ్ కొన్నది వాడి చదువు కోసమే. అలాగని ఇంట్లో తీర్మానం జరిగింది, నేనూ సంతకం పెట్టాను. నిన్న వాడు ఎంతసేపు వాడాడో టాబే లెక్క చూపించింది: 6 గంటల 12 నిమిషాలు. అందులో చదువుల యాప్ వాటా 4 నిమిషాలు. అదేమంటే, ఆ నాలుగు నిమిషాలూ అది అప్‌డేట్ అవుతోందట. ర్యాంకు ఎప్పుడొస్తుందో రాసి ఉందేమోనని అట్టపెట్టె నాలుగు వైపులా తిప్పి చూశాను. బ్యాటరీని నీళ్ళలో వేయొద్దని మాత్రం ఉంది. అదే పెట్టెలోని చిన్న కాగితంలో, కనబడీ కనబడని అక్షరాల్లో, ఇంకో మాట ఉంది: వాడుకోవాల్సిన ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలు. ఐప్యాడ్లకు కూడా ఇదే హద్దు. 2010లో ఎండలో వేడెక్కి ఆగిపోతోందని కాలిఫోర్నియాలో కొందరు కోర్టుకెక్కింది అందుకే. కాలిఫోర్నియా వాళ్ళు సుకుమారులు. ఈ కాగితం రాసినాయన మే నెలలో ఒక్కసారి రెంటచింతల బస్టాండులో దిగాలని నా కోరిక. 35 డిగ్రీలంటే అక్కడ శాలువా కప్పుకుంటారు.

తక్కువ ధరకిస్తే ఫిర్యాదులు తగ్గుతాయా అంటే, ఆ ప్రయోగమూ మన దేశంలో అయిపోయింది. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో అప్పటి కేంద్ర మానవ వనరుల అభివృద్ధి మంత్రి కపిల్ సిబల్ ఆకాశ్ టాబ్లెట్‌ను విడుదల చేశారు. హైదరాబాద్‌లో బిగించిన సరుకు. ప్రభుత్వానికి పడిన ధర 2,276 రూపాయలు. ఏడంగుళాల తెర, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్. ఆ తెర తాకితే పలికే రకం కాదు, నొక్కాలి. అన్నం మెతుకు ఉడికిందో లేదో చూసినట్టు నొక్కాలి. ఆ ధరకు అదే గొప్ప అని ఎవరైనా అన్నారా? ఐప్యాడ్‌లా లేదన్నారు. ముప్ఫై వేలది కొన్నవాడు ల్యాప్‌టాప్‌లా లేదంటాడు, రెండు వేలది చేతికొచ్చినవాడు ముప్ఫై వేలదానిలా లేదంటాడు. అంచనాలకు ఈఎంఐ ఉండదు కదా, ఎంతవాటినైనా పెట్టుకోవచ్చు.

మొన్న కాకినాడ నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, మీరు కొన్న టాబే నేనూ కొందామనుకుంటున్నా. ఎలా ఉంది?"

నా ముందు నోటుబుక్కు తెరిచే ఉంది. నలభై ఆరు ఫిర్యాదులు, తేదీలతో, సాక్షుల పేర్లతో. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి నా వైపే చూస్తోంది.

"బ్రహ్మాండంగా ఉంది. కళ్ళు మూసుకుని కొనెయ్" అన్నాను.

నిన్న సాయంత్రం వాడింటికి పార్సిల్ చేరింది. ఇవాళ పొద్దున్న ఆరింటికే మళ్ళీ ఫోను. "బావా, ఏమీ అనుకోవద్దు గానీ, ఇందులో..."

"ఒక్క నిమిషం ఆగవోయ్" అని, కొత్త పేజీ తిప్పి, మార్జిన్‌లో 47 వేసుకున్నాను.