ఎందుకు మానేశారని ఎవరైనా అడిగారా?

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఏళ్ల తరబడి ఒకే అడ్తిలో (కమిషన్ ఏజెంటు దుకాణంలో) మిర్చి దించే రైతు ఈసారి బస్తాలు పక్క అడ్తిలో దించాడనుకోండి. పొద్దుగూకేలోపే పాత అడ్తిదారుకు సంగతి తెలుస్తుంది, మర్నాడు ఫోన్ కూడా వెళ్తుంది: "ఏందన్నా, ఈసారి మనకాడ దించలేదు?" తూకంలో తేడా వచ్చిందా, డబ్బులు లేటయ్యాయా, గుమస్తా ఏమైనా అన్నాడా అని అన్నీ ఆరా తీస్తాడు.

అదే వరంగల్‌లో 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆర్‌ఈసీ (రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ) ఇప్పుడు ఎన్‌ఐటీగా ఉంది, 1976 నుంచి కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది, వ్యవసాయ పరిశోధన స్థానం, బోలెడన్ని ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్నాయి. పరిశోధనకు డబ్బులిచ్చే కంపెనీ ఏదైనా మానేస్తే ఎందుకు మానేసిందని అడిగే పద్ధతి ఎన్నిచోట్ల ఉంది? ఫలానా సంస్థ అని వేలు చూపించడం మా ఉద్దేశం కాదు, ఇది దేశమంతా ఉన్న అలవాటే. ఎంఓయూ (ఒప్పంద పత్రం) మీద సంతకాల రోజు శాలువాలు, ఫొటోలు, మా పేపర్‌తో సహా అన్ని పేపర్లలో వార్త. మూడేళ్ల తర్వాత రెన్యువల్ లెటర్ రాని రోజు మాత్రం ఎవరికీ గుర్తుండదు. స్పాన్సర్లు పోతున్నామని చెప్పి పోరు, ఊరికే రావడం మానేస్తారు.

అమెరికాలో పరిశోధనలకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 1970లలో మొదలుపెట్టిన ఐయూసీఆర్‌సీ అనే కార్యక్రమం ఉంది. కొన్ని కంపెనీలు కలిసి ఏటా సభ్యత్వ రుసుము కట్టి విశ్వవిద్యాలయంలో పరిశోధన చేయించుకుంటాయి. ఆ కేంద్రాలకు పనితీరు అంచనా వేసే బయటి మనిషిని (ఎవాల్యుయేటర్‌ను) పెట్టి, సభ్యత్వం వదులుకున్న కంపెనీతో ఎగ్జిట్ ఇంటర్వ్యూ చేయించడం వాళ్ల పద్ధతిలో భాగం. ఉద్యోగం మానేసేవాళ్లను హెచ్‌ఆర్ కూర్చోబెట్టి అడుగుతుంది చూడండి, అలాంటిదే, పెద్ద విద్యేమీ కాదు.

అడిగితే మొదట వచ్చే జవాబు "బడ్జెట్ లేదండీ". ఇది చాలాసార్లు మొహమాటం మాట, అలాగని ప్రతిసారీ అబద్ధమూ కాదు. విశ్వవిద్యాలయానికి పరిశోధన కోసం వంద రూపాయలిస్తే, షరతులకు లోబడి, పన్ను పడే ఆదాయంలోంచి 175 రూపాయలు తగ్గించి చూపించుకునే వీలు ఒకప్పుడు ఉండేది. 2017 ఏప్రిల్ నుంచి అది 150కి, 2020 ఏప్రిల్ నుంచి 100కి దిగింది. దానికి ప్రొఫెసర్ ఏం చేస్తారు? కంపెనీలో మన ప్రాజెక్టును భుజాన వేసుకున్న మేనేజర్ ఉద్యోగం మారితే, వచ్చిన కొత్తాయనకు అది ఎవరిదో పాత ఫైలు. ఇదీ మన తప్పు కాదు, అయినా ముందే తెలిస్తే ఆ కంపెనీలో ఇంకో ఇద్దరితో పరిచయం పెంచుకునేవాళ్లం కదా.

మన తప్పు ఉన్నచోటే అసలు సరుకు ఉంది. ఒక పురుగుమందుల కంపెనీ పత్తి మీద ట్రయల్‌కు డబ్బులిచ్చిందనుకుందాం. మన దగ్గర పత్తి గింజ జూన్ వానలకు పడాలి. మే నెలలో డబ్బు వస్తే, జేఆర్‌ఎఫ్ (ప్రాజెక్టులో పనిచేసే జూనియర్ పరిశోధకుడి) నియామకానికి నోటిఫికేషన్, ఇంటర్వ్యూ, ఆర్డర్ అయ్యేసరికి ఆగస్టు. పరికరం కొనుగోలు ఫైలు టెండర్‌కీ ఆడిట్ అభ్యంతరానికీ మధ్య తిరుగుతూ దసరా దాటుతుంది. మన లెక్కలో అది నాలుగైదు నెలల ఆలస్యం, కంపెనీ లెక్కలో ఒక సీజన్ మొత్తం పోయినట్టు. ఆ మాట వాళ్లు ప్రొఫెసర్ మొహం మీద అనరు, టీ తాగి, "చాలా బాగుంది సార్" అని వెళ్లిపోతారు.

అందుకే ప్రాజెక్టు చేసిన ప్రొఫెసర్ ఈ ప్రశ్న అడగకూడదు. వేరే డిపార్ట్‌మెంట్ మనిషో, పరిశ్రమలో పనిచేసి రిటైరైన పెద్దమనిషో అడగాలి. చివరి విడత చెల్లింపు, డబ్బు దేనికి ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ తేలిపోయాక అడగాలి, ఎందుకంటే బకాయిలు ఉన్నంతసేపు ఎవరూ మనసు విప్పరు. సంతకం పెట్టిన డైరెక్టర్‌తో పాటు మన రిపోర్టులు నిజంగా చదివిన ఇంజనీర్‌తోనూ మాట్లాడాలి. నలభై ప్రశ్నల ఫారం వద్దు. "మానేద్దామని మొదటిసారి ఎప్పుడు అనిపించింది, ఆ రోజు ఏం జరిగింది?" అని అడిగి నోరు మూసుకుని వినడమే. మధ్యలో సంజాయిషీ చెప్పడం, ఇంకో ఏడాది ఉండమని బతిమాలడం మొదలైతే అది ఇంటర్వ్యూ కాదు, బేరం.

కంపెనీలకు చవగ్గా పనిచేసే పిల్లలు కావాలి తప్ప పరిశోధన ఎక్కడ కావాలి అని ప్రొఫెసర్లు కొందరు అంటారు. కొన్ని విషయాల్లో వాళ్ల మాటే నిజం. తమకు నచ్చని ఫలితాన్ని అచ్చు కానివ్వని స్పాన్సర్ పోతే పీడా పోయింది, కానీ పోయింది ఆ రకమో కాదో తెలియాలన్నా అడగాల్సిందే.

ఒక్క జాగ్రత్త. మొదటి ఇంటర్వ్యూలో వచ్చిన మాట పట్టుకుని ఒక ప్రొఫెసర్‌కు మెమో ఇచ్చారంటే, రెండో ఇంటర్వ్యూకు క్యాంపస్‌లో ఎవరూ సహకరించరు. పేర్లు తీసేసి, ఏడాదికోసారి అన్నీ కలిపి చదువుకోవాలి. ఒకరు చెబితే అలక అనుకోవచ్చు, నలుగురు కొనుగోలు ఫైలు గురించే చెబితే అకౌంట్స్ సెక్షన్‌ను కూర్చోబెట్టి మాట్లాడాలి.

దేశంలో పరిశోధనకు నిధులిచ్చే కేంద్ర సంస్థ అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్‌కు అయిదేళ్లలో రూ.50,000 కోట్లు అనుకున్నప్పుడు, అందులో ఎక్కువ భాగం ప్రైవేటు వాళ్ల నుంచే వస్తుందని ప్రభుత్వం లెక్క వేసింది. ఆ డబ్బు వచ్చేదాకా ఆగక్కర్లేదు. మన క్యాంపస్‌లు ఈ నెలలోనే గత అయిదేళ్ల ఎంఓయూల ఫైలు బయటికి తీసి, రెన్యువల్ కాని వాటికి ఫోన్ చేస్తే చాలు. కొన్ని నంబర్లు కలవవు. కొందరు వేరే కంపెనీకి మారి ఉంటారు, వాళ్లకూ చేయండి, పాత కుర్చీలో లేరు కాబట్టి ఇంకాస్త నిర్మొహమాటంగా చెబుతారు.