ఉచిత వీపీఎన్: ఐపీ మనది, నేరం ఇంకొకరిది

తెలంగాణ 2017లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. మహారాష్ట్రలో మాత్రం 2025 ఆగస్టులో కేంద్ర చట్టం వచ్చేదాకా అది సాగింది. మధ్యలోని ఎనిమిదేళ్లలో నాందేడ్, చంద్రపూర్ జిల్లాల సరిహద్దు పల్లెల్లో కొందరికి ఒక వింత విద్య అబ్బింది: ఫోన్ ఏ రాష్ట్రంలో ఉందో మార్చి చూపించడం. తెలంగాణలోని బోధన్‌లో కూర్చున్నవాడు మహారాష్ట్రలోని దెగ్లూర్‌లో ఉన్నట్టు కనపడాలి. నిజంగానే మహారాష్ట్రలోని ధర్మాబాద్ శివారులో ఉన్నవాడి ఫోన్ బాసర వైపు టవర్‌ను అందుకుని, ఐపీ (నెట్‌లో కనెక్షన్‌కు ఉండే అంకెల చిరునామా) హైదరాబాద్‌దిగా తేలితే, తన రాష్ట్రంలో చెల్లే ఆట కూడా తెరుచుకోకపోవచ్చు. ఇద్దరికీ దొరికే సలహా ఒక్కటే, 'వీపీఎన్ వేసుకో'. వీపీఎన్ అంటే మన నెట్‌ను మరో చోటి సర్వర్ మీదుగా తిప్పే యాప్.

ఆ సలహా సగమే పనిచేస్తుంది. వీపీఎన్‌తో మారేది ఐపీ, జీపీఎస్ కాదు. అందుకే సెట్టింగ్స్‌లో మామూలుగా కనపడని డెవలపర్ ఆప్షన్స్ తెరిచి నకిలీ లొకేషన్ యాప్‌కు అనుమతి ఇచ్చుకోవడం రెండో మెట్టు. కేంద్ర చట్టంతో ఆట పోయింది. తీసేయని ఫోన్లలో ఆ యాప్‌లు, ఆ అనుమతులు అలాగే ఉన్నాయి. వీపీఎన్ దుర్వినియోగం అనగానే దాని చాటున దాక్కున్న దొంగ గురించే మాట్లాడుకుంటాం. నా లెక్కలో అంతకన్నా పెద్ద ప్రమాదం, ఆ దొంగకు చాటుగా మన కనెక్షన్ అద్దెకు పోవడం.

మనం ఏ సైట్లకు వెళ్తున్నామో మామూలుగా నెట్ కంపెనీకి తెలుస్తుంది. హెచ్‌టీటీపీఎస్ (సైటుతో మన సంభాషణను గుప్తంగా ఉంచే పద్ధతి) ఉన్నచోట పేజీలో ఏముందో కనపడదు గానీ, సైటు పేరు చాలాసార్లు కనపడుతుంది. వీపీఎన్ వేసుకుంటే అదంతా నెట్ కంపెనీకి బదులు వీపీఎన్ నడిపేవాడికి తెలుస్తుంది. నెట్ కంపెనీకి లైసెన్సు ఉంది, చిరునామా ఉంది. ఉచిత యాప్ వెనక ఎవరున్నారు? సర్వర్లకు, బ్యాండ్‌విడ్త్‌కు నెలనెలా ఖర్చవుతుంది. అది ప్రకటనల నుంచి రావాలి, లేదా మన డేటా అమ్మితే రావాలి, లేదా మన కనెక్షన్‌నే అమ్మితే రావాలి. (డబ్బు కట్టే చందాదారులున్న ఒకటి రెండు సంస్థల ఉచిత ప్లాన్ల సంగతి వేరు.)

మూడోది ఊహ కాదు. హోలా అనే ఉచిత వీపీఎన్ తన వాడకందార్ల కనెక్షన్లను అమ్ముకుంటోందని 2015లోనే బయటపడింది. 2024 మేలో అమెరికా న్యాయశాఖ 911 ఎస్5 అనే బాట్‌నెట్‌ను (యజమానులకు తెలియకుండా వాడుకునే కంప్యూటర్ల దండును) మూయించింది. మాస్క్‌వీపీఎన్, డ్యూవీపీఎన్, షీల్డ్‌వీపీఎన్, షైన్‌వీపీఎన్ లాంటి ఉచిత ప్రోగ్రాములు వేసుకున్న విండోస్ కంప్యూటర్లే దాని పెట్టుబడి. పైరేటెడ్ సాఫ్ట్‌వేర్‌తో కలిసి కూడా అవి లోపలికి వచ్చేవి. దాదాపు 200 దేశాల్లో 1.9 కోట్ల ఐపీ అడ్రసులు ఆ గంపలో పడ్డాయి. వాటిని కొనుక్కున్నవాళ్లు మోసాలు చేశారు, బాంబు బెదిరింపులు పంపారు. రికార్డులో మిగిలేది మాత్రం ఆ కంప్యూటర్ యజమాని ఐపీ.

ఇప్పుడు క్రాక్ చేసిన విండోస్‌తో నడిచే సేతు కేంద్రం (మహారాష్ట్రలో ప్రభుత్వ పత్రాల పనులు చేసిపెట్టే కేంద్రం) ఒకటి ఊహించుకోండి. అదే మెషిన్‌లో ఊరందరి ఆధార్, సాత్‌బారా (భూమి రికార్డు), కుల ధ్రువీకరణ పత్రాలు. అందులో ఇలాంటిది ఒక్కటి దూరినా ఆ ఐపీ మీదకు వచ్చే నోటీసు కేంద్రం నడిపేవాడి పేరునే వస్తుంది.

ఐపీని సాక్ష్యంగా చదవడంలోనూ పొరపాట్లు జరుగుతాయి. 2007లో ఆర్కుట్ అనే అప్పటి సోషల్ సైట్‌లో ఛత్రపతి శివాజీపై వచ్చిన పోస్టు కేసులో పుణె పోలీసులు బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని అరెస్టు చేశారు. ఐపీ వివరాలు తప్పుగా అందడం వల్ల ఆయన 50 రోజులు జైల్లో గడిపారు. నేడు మొబైల్ నెట్‌లో ఒకే ఐపీని ఒకే సమయంలో ఎందరో పంచుకుంటారు. వాళ్లలో ఏ కనెక్షన్ ఎవరిదో విడదీసే పోర్ట్ నంబరు లేకుండా మనిషిని తేల్చలేరు. విదేశీ సర్వర్ల లాగ్‌లు (ఎవరు ఎప్పుడు కనెక్ట్ అయ్యారో ఉండే రికార్డులు) తరచూ యూటీసీ అనే అంతర్జాతీయ ప్రమాణ సమయంలో ఉంటాయి. దాన్ని మన సమయం అనుకుంటే ఐదున్నర గంటల తేడా, అంటే వేరే మనిషి.

2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ సంస్థలు వాడకందార్ల పేరు, చిరునామా, ఫోన్ నంబరు, ఇచ్చిన ఐపీ లాంటి వివరాలను ఐదేళ్లు దాచాలి. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, నార్డ్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్ తమ సర్వర్లను భారత్ నుంచి తీసేశాయి. చిరునామా ఉన్న సంస్థలు వెళ్లిపోయాయి. ఊరూపేరూ లేని ఉచిత యాప్‌ను ఆ ఆదేశం ఏం చేయగలదు? డబ్బు కట్టినంత మాత్రాన భరోసా అనీ కాదు. 'మేం లాగ్‌లు దాచం' అని ప్రచారం చేసుకున్న ప్యూర్‌వీపీఎన్ రికార్డులే 2017లో ఎఫ్‌బీఐ ఒక నిందితుణ్ణి పట్టుకోవడానికి పనికొచ్చాయి. ఇక మన దగ్గరి డిజిటల్ అరెస్టు ముఠాల (పోలీసులమని ఫోన్‌లో బెదిరించి డబ్బు లాగేవాళ్ల) బలం ఎన్‌క్రిప్షన్ కన్నా అద్దె బ్యాంకు ఖాతాల్లో, ఇతరుల పేరు మీది సిమ్‌లలో ఉంది. దర్యాప్తు అటు సాగితేనే ఫలితం.

ఫోన్‌లో చూడాల్సినవి కొన్ని. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ విభాగంలో వీపీఎన్ తెరిచి, గుర్తులేని పేరుంటే తీసేసి, ఆ యాప్‌నూ తొలగించండి. డెవలపర్ ఆప్షన్స్‌లో మాక్ (నకిలీ) లొకేషన్ యాప్ దగ్గర ఏదీ ఎంపికై ఉండకూడదు. సెక్యూరిటీ విభాగంలో యూజర్ సర్టిఫికెట్లు (గుప్తంగా సాగే నెట్ సంభాషణను ఇతరులు చదివేందుకు దారి ఇవ్వగలవి) చూడండి. మీరు పెట్టనిది ఉంటే బ్యాంకు పని ఆ ఫోన్‌లో చేయొద్దు. డేటా వాడకంలో ఏ యాప్ బ్యాక్‌గ్రౌండ్‌లో ఎక్కువ లాగుతోందో గమనించండి, మీరు ముట్టని యాప్ వందల ఎంబీలు తింటుంటే అనుమానించాల్సిందే. సేతు కంప్యూటర్‌లో అలాంటి ప్రోగ్రామ్ దొరికితే అన్‌ఇన్‌స్టాల్‌తో ఆగకండి, అసలైన విండోస్ గానీ లినక్స్ గానీ మళ్లీ మొదటి నుంచి వేయించండి.

డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఫిర్యాదు ఏ రాష్ట్రంలో ఇవ్వాలన్న మీమాంస అక్కర్లేదు. రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, ఓటరు కార్డులు ఉన్న పరందోళి, ముకదంగూడ లాంటి ఊళ్లవాళ్లయినా సరే, 2024 జులై నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు. మీ ఐపీ మీదే నోటీసు వస్తే మెషిన్‌ను ఫార్మాట్ చేయకండి, మీ వైపు సాక్ష్యం అందులోనే ఉంటుంది. లిఖితపూర్వకంగా మూడు అడగండి: ఐపీతో పాటు పోర్ట్ నంబరు ఎంత, సమయం సెకన్లతో సహా ఎంత, ఆ సమయం యూటీసీనా ఐఎస్‌టీనా (భారత సమయమా).