వాక్యం మధ్యలో శాలువా

చారిత్రక నవలలు, సినిమాల మీద మాట్లాడమని ఎవరైనా గ్రంథాలయం మేడమీది హాలుకు పిలిస్తే, ముందు అడగాల్సింది అంశం ఏమిటని కాదు, మైకు స్విచ్చి ఎవరి దగ్గర ఉంటుందని. మొన్న ఆదివారం అది నిర్వాహకుడి బొటనవేలి కింద ఉంది. "తలా ఐదు నిమిషాలే" అని ఆయన మెట్ల దగ్గరే హెచ్చరించాడు. ఆ తర్వాత ముప్పావుగంట అధ్యక్షులవారే మాట్లాడారు, అదీ జానపద సినిమాల కత్తియుద్ధాల మీద. రాజు కనిపిస్తే చాలు, చరిత్రే అనుకుంటారు కాబోలు.

సినిమాల మీద మాట్లాడటం తేలిక. కాకతీయుల కథ తీసి, ఓరుగల్లు అంతఃపురానికి బంతిపూల తోరణాలు కట్టారనుకోండి. "బంతి మెక్సికో మొక్కండీ" అంటే సగం హాలు మన వైపు తిరుగుతుంది. విందులో ఎండుమిరపకాయలు కనిపించినా అంతే. మిరప మన దేశానికి వచ్చింది పోర్చుగీసువారి ఓడల్లో. వారి వాస్కో డ గామా కాలికట్‌లో దిగింది 1498లో, ఓరుగల్లు పడిపోయింది 1323లో. రుద్రమ వంటింట్లో ఘాటు కావాలంటే మిరియాలు, అల్లం, ఆవాలే దిక్కు. టమాటా, వేరుశనగ, జామ, బొప్పాయి ఏవీ పళ్ళెంలోకి రాకూడదు. సీతాఫలం జోలికి మాత్రం పోకండి. క్రీస్తు పూర్వపు భార్హుత్ స్తూపం శిల్పాల్లో ఉన్నది అదేనని వాదించేవారు ఒకరు సభలో ఉండనే ఉంటారు, మన ఐదు నిమిషాలూ ఆయనకే చాలవు. గుర్రాల వెనక నీలగిరి చెట్లు కనిపిస్తే అవి ఆస్ట్రేలియావి. కోట బయట సర్కారు తుమ్మ పెరిగి ఉంటే అది పంతొమ్మిదో శతాబ్దంలో మన దేశానికి తెచ్చినది. బురుజు మీద ప్రతి రాయికీ రంగు వేయించే ఆర్ట్ డైరెక్టరుకు దాని కింద కంప ఎందుకు కనిపించదో తెలియదు.

తంటా అంతా నవలతోనే. నవల చదివిన వారికి రుద్రమ సామంతుడు గోన గన్నారెడ్డి మీసం తెలుసు, గుర్రం తెలుసు, గుర్రం మనసులోని మాట కూడా తెలుసు. పాపం, శాసనంలో అవేవీ ఉండవు. రాయచూరు కోటలో 40 అడుగులు దాటిన ఒకే రాతి మీద 1294 నాటి శాసనం ఉంది, ఆ కోట కట్టించింది గోన గన్నారెడ్డి కొలువులోని విఠలుడు అని చెబితే, "అదంతా సరేనండీ, మరి ఆయన ప్రేమకథ?" అంటారు. నలభై అడుగుల రాయిలో ఆ ఒక్క ముక్కకీ చోటు లేకపోయిందా అన్నట్టు చూస్తారు.

ఆ పూట చెప్పదలచింది మాత్రం మార్కో పోలో పొరబాటు గురించి. పదమూడో శతాబ్దం చివర్లో ఆయన మన తీరం గురించి చెప్పాడు. మోటుపల్లి రేవు పేరునే రాజ్యానికి అంటగట్టాడు. ఇక్కడి సన్నబట్టను సాలెగూడుతో పోల్చాడు. లోతైన లోయల్లోకి మాంసపు ముక్కలు విసిరితే వాటికి వజ్రాలు అంటుకుంటాయనీ, గద్దలు ఆ ముక్కల్ని పైకి తెస్తాయనీ నమ్మాడు. అదే ఊపులో ఇక్కడి రాణిని చనిపోయిన రాజుకు భార్యను చేశాడు. రుద్రమ గణపతిదేవుడి కూతురు, ఆమె భర్త చాళుక్య వీరభద్రుడు. చెప్పాల్సింది ఇంతే.

కానీ ఇది తెలుగు. చెప్పేది ముందు వస్తుంది, చెప్పినవాడు చివర్న వస్తాడు. "రుద్రమదేవి గణపతిదేవుడి భార్య, భర్త పోయాక నలభయ్యేళ్ళు రాజ్యమేలింది" అన్న తర్వాత "అని మార్కో పోలో తప్పుగా చెప్పాడు" అనాలి. ఈ రెంటికీ మధ్య మనిషన్నవాడు ఒక్క ఊపిరి తీసుకుంటాడు.

ఆ ఊపిరిలో టక్కుమని మైకు ఆగింది. వెనకనుంచి శాలువా వచ్చి పడింది.

భుజాల మీద పడితే ఎలాగో నెట్టుకొచ్చేవాళ్ళం. తల మీద పడింది. కళ్ళజోడు ఒక కాడ చెవిని వదిలేసి శాలువా అంచుకు తగులుకుంది. లోపలి నుంచి "అని! అని! అని మార్కో పోలో!" అని ఎంత అరిచినా, ఆ మాట విన్నది శాలువా ఒక్కటే. దాని ప్లాస్టిక్ కవరు కూడా పూర్తిగా తీయలేదు, అందువల్ల అరిచిన కొద్దీ గరగరమంది. బయట చప్పట్లు. ఎవరో చెయ్యి పట్టుకుని కుడివైపు తిప్పారు. ఫోటోగ్రాఫరు "సార్, ఫ్లాష్ రాలేదు, మళ్ళీ కప్పండి" అన్నాడు. తీశారు. తీసినప్పుడు ఒక్క క్షణం వెలుతురు కనబడింది, ముందు వరసలో ఒక కుర్రాడు నోటుబుక్కులో శ్రద్ధగా "గణపతిదేవుడి భార్య" అని రాసుకుంటున్నాడు. మళ్ళీ కప్పారు. అధ్యక్షులవారి నలభై అయిదు నిమిషాల్లో ఆ బొటనవేలికి ఒక్కసారైనా దురద పుట్టలేదు!

అంతలో వెనకవరస నుంచి ఒక రిటైర్డు మాస్టారు లేచి, మైకు అక్కర్లేని గొంతుతో, "భార్య కాదు బాబూ, కూతురు! మూడో తరగతి పిల్లాడికైనా తెలుసు!" అన్నారు. ఈసారి చప్పట్లు రెట్టింపు. ఆయనకూ ఒక శాలువా కప్పారు. మాట పూర్తయ్యాకే కప్పారు, జాగ్రత్తగా, భుజాల మీద.

సాయంత్రానికి వీడియో వాట్సాప్‌లో తిరిగింది. కత్తిరించినవాడు ఎవరో గాని పనిమంతుడు. "రాజ్యమేలింది" దగ్గర మొదటి శాలువా, "కూతురు" దగ్గర రెండోది. కింద "ఇలాంటి వాళ్ళ వల్లే చరిత్ర నాశనం" అని ఒకరు, చేతులు జోడించిన బొమ్మలు అయిదారుగురు. మార్కో పోలో మాట మొత్తం టైపు చేసి పెడితే, "ఇప్పుడు ఇటలీవాడి మీదకు తోస్తున్నారా?" అని సీతాఫలం ఆయన అడిగారు.

రాత్రి పదింటికి నిర్వాహకుడి సందేశం: "వచ్చే నెల అంశం 'రుద్రమదేవి – అపోహలు'. ఉదాహరణగా మీ వీడియోనే వేస్తున్నాం. మీరు ప్రత్యేకంగా రానక్కర్లేదు. ఆ శాలువా మాత్రం ఎవరితోనైనా పంపించండి, లెక్కలో ఒకటి తగ్గింది."