అల్లుడిగారి సాలీడు, మామగారి నవ

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్నారు మన పెద్దలు. మంచి మాటే, కానీ వాళ్ల కాలంలో అల్లుళ్లు సాలీళ్లను పెంచేవాళ్లు కాదు. కాబట్టి ఆ సామెతకు ఒక సవరణ కావాలని ఈ వ్యాసం ద్వారా పెద్దలందరినీ కోరుతున్నాను. అల్లుడికి లేని దురద మామకు కచ్చితంగా ఉంటుంది, పైగా మోచేతి నుంచి మెడ దాకా ఉంటుంది.

మా అల్లుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్. మంచి పిల్లోడు, తాగడు, సిగరెట్ ముట్టడు, పెళ్లి చూపుల నాడు మేము అడిగిన ప్రశ్నలన్నింటికీ నిజమే చెప్పాడు. "సాలీళ్లు ఏమైనా ఉన్నాయా నాయనా?" అని అడగాలని మాకు తట్టలేదు, అది మా తప్పే. ఈ ఎండాకాలం కంపెనీ వాళ్లు మొగుడూ పెళ్లాలిద్దర్నీ మూడు నెలలు జర్మనీకి పంపిస్తే, వెళ్లే ముందు రోజు కారేసుకుని అనంతపురం వచ్చి, మా హాల్లో టీవీ పక్కన ఒక అద్దాల పెట్టె దించాడు. అందులో అరచేతంత సాలీడు. ఒంటి నిండా బొచ్చు, గోధుమ రంగు మీద గులాబీ మెరుపు. టరంట్యులా అట, చిలీ దేశం నుంచి వచ్చిన జాతి అట, పేరు రోజీ అట.

"మామా, ఏం ఇబ్బంది ఉండదు, చాలా సాధువు" అన్నాడు. పెళ్లికి ముందు మేము అమ్మాయి గురించి వాళ్లకు సరిగ్గా ఇదే మాట చెప్పి ఉన్నాం కనుక ఎదురు మాట్లాడే హక్కు లేకపోయింది.

జామాతా దశమ గ్రహః అన్నారు. తొమ్మిది గ్రహాలకు శాంతులున్నాయి, పదో గ్రహానికి దసరాకు బట్టలూ సంక్రాంతికి ఓళిగలూ ఉన్నాయి, మరి పదకొండో గ్రహానికి ఏం చేయాలో ఏ పంచాంగంలోనూ రాయలేదు. మా ఇంటావిడ మాత్రం క్షణంలో తేల్చేసింది, అల్లుడిగారిది కాబట్టి అల్లుడిగారితో సమానమేనంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాన్ని 'అది' అనడం నిషేధం, 'ఆవిడ' అనాలి. హాల్లో ఉన్న ఒక్క కూలరూ ఆవిడ వైపు తిరిగింది. నిజానికి చిలీలో ఆవిడ వాళ్లు పుట్టేది వానే సరిగా పడని నేలల్లో, అంటే అనంతపురం ఆవిడకు పుట్టిల్లు లాంటిదే, కూలర్ అవసరం నాకే ఉంది. ఎవరు వింటారు?

అసలు టెన్షన్ భోజనం దగ్గర మొదలైంది. అల్లుడు డబ్బాలో కీచురాళ్లు ఇచ్చి వెళ్లాడు. వేశాం, ముట్టలేదు. వారమైంది, ముట్టలేదు. అల్లుడిగారి మనిషి మనింట్లో పస్తుంటే బంధువుల్లో తలెత్తుకోవడం ఎట్లా అని మా ఆవిడకు నిద్ర పట్టలేదు. ఉగ్గాని ఒక చెంచా పెట్టి చూద్దామా అంది. ఫోన్ చేస్తే అల్లుడు నవ్వి, ఈ జాతి నెలల తరబడి తినకుండా ఉండగలదనీ, ఆకలైతే ఆవిడే తింటుందనీ, మిగిలిన కీచురాళ్లను మాత్రం తీసేయమనీ చెప్పాడు. నెలల తరబడి తిండి అడగని అల్లుడు దొరికితే రాయలసీమలో ఏ మామైనా కళ్లకద్దుకుంటాడు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆవిడ మీద నాకు నిజమైన గౌరవం ఉంది.

కీచురాళ్లు తీయబోయిన రోజే ఈ వ్యాసానికి పునాది పడింది. మూత తీసి, అద్దానికి అంటిన మరక కూడా తుడిచేద్దామని చెయ్యి లోపల పెట్టాను. ఆవిడ నన్ను కరవలేదు, మీదికి రాలేదు. అటు తిరిగి, వెనక కాళ్లు ఎత్తి, తన పొట్ట మీద నూగును గబగబా నాలుగు సార్లు దులిపింది. అంతే. పౌడరు డబ్బా తట్టినట్టు సన్నటి దుమ్ము లేచింది. పాపం, దురద పుట్టి గీరుకుంటోంది అనుకున్నాను! పది నిమిషాల తర్వాత తెలిసింది దురద ఎవరికి పుట్టిందో.

ఇది అమెరికా ఖండాల టరంట్యులాలకు దేవుడిచ్చిన ఆయుధం. పొట్ట మీద వేల కొద్దీ సన్నటి వెంట్రుకలు, కంటికి ఆనవు, ఒక్కోదానికి బాణం ములుకుకు ఉన్నట్టు ఎదురు ముళ్లు. చర్మంలో దిగితే లోపలికే పోతాయి తప్ప వెనక్కి రావు. శాస్త్రజ్ఞులు వీటిని ఏడు రకాలుగా విడదీశారు. కొన్ని గాల్లోకి విసిరేవి, కొన్ని తాకితే అంటుకునేవి. దక్షిణ అమెరికాలో ఒక జాతికైతే ఇవి పొట్ట మీద కాదు, ముందరి చిన్న కాళ్ల మీద ఉంటాయట. మనం కుల సంఘాలను కూడా ఇంత ఓపిగ్గా వర్గీకరించలేదు. ఊరికే విసిరితే పొట్ట మీద బట్టతల వస్తుంది, రోజీకి వచ్చింది కూడా. దాన్ని చూసి మా ఆవిడ, "చూడండి, మీ మూలంగా ఆవిడ జుట్టు ఊడిపోయింది" అంది. నా చేతుల మీద దద్దుర్లు ఆమెకు కనిపించలేదు.

ఇక వైద్యం. అనంతపురంలో రోగం రావడం ఆలస్యం, వైద్యులు కాంపౌండు గోడ దూకి వస్తారు. పక్కింటి జేజి చూసి, "ఇది సాలెపురుగు ఉచ్చ పోసినట్టుందిరా అబ్బీ, సాయంత్రం మంత్రం వేయిస్తా" అంది. ఇంకొకాయన, కంబళి పురుగు పాకితే ఏం చేస్తామో ఇదీ అంతేనని, ఇంట్లోంచి గొంగడి తెచ్చి నా చెయ్యి పట్టుకుని బియ్యం కడిగినట్టు రుద్దాడు. మా బావమరిది కిరసనాయిలు అన్నాడు, ఈ రోజుల్లో అది ఎక్కడ దొరుకుతుందో వాడే చెప్పలేకపోయాడు కాబట్టి బతికిపోయాను. పసుపు పూశారు, విబూది పూశారు. ఒక గంటలో నేను జాతరలో పోతురాజులా తయారయ్యాను కానీ నవ తగ్గలేదు, రెండింతలైంది.

కారణం తర్వాత తెలిసింది. ఆ నూగును రుద్దితే ఎదురు ముళ్లు ఇంకా లోతుకు దిగుతాయి. గోకినా అంతే. మనకు తెలిసిన వైద్యమంతా రుద్దుడూ గోకుడే కదా! ఊరంతా కలిసి చిలీ సాలీడుకు సాయం చేశాం.

సప్తగిరి సర్కిల్ దగ్గర మందుల షాపుకు వెళ్లాను.

"ఏం కరిచింది సార్?"

"కరవలేదు బాబూ, వెంట్రుకలు విసిరింది."

"ఎవరు?"

"మా అల్లుడిగారి సాలీడు."

కుర్రోడు నా వైపు కాసేపు చూసి, లోపలున్న ఓనర్ని పిలిచి, నన్ను మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నాడు. షాపులో ఉన్న మిగతా నలుగురూ బీపీ మాత్రలు మరిచిపోయి విన్నారు. చివరికి చర్మం డాక్టరు దగ్గరికి పొమ్మన్నారు. ఆమె మాత్రం నవ్వలేదు. నవ్వకపోవడం వల్లే నాకు భయమేసింది.

ఆమె చెప్పిన వైద్యం వింటే మా జేజి నమ్మలేదు. మొట్టమొదటి మందు సెల్లో టేపు. అవును, పిల్లలు పుస్తకాలకు అట్టలు వేసుకునే టేపే. నవ ఉన్న చోట మెత్తగా అంటించి, పైకి లాగేయాలి, మళ్లీ కొత్త ముక్క అంటించాలి, వాడిన ముక్కనే మళ్లీ వాడితే పీకిన వెంట్రుకలు తిరిగి గుచ్చుకుంటాయి. ఆ తర్వాత కుళాయి కింద చన్నీళ్లతో కడగాలి, టవలుతో రుద్దకూడదు, అద్దాలి. వాపుకు హైడ్రోకార్టిజోన్ క్రీము, నవకు సెట్రిజిన్ లాంటి మాత్ర. వేసుకున్న చొక్కా విడిగా ఉతకాలి, లేదంటే ఇంటిల్లిపాదికీ ప్రసాదమే. గాలి పీల్చడం కష్టమైనా, పిల్లికూతలు వచ్చినా ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి పోవాలి. కొందరికి కొన్ని గంటల్లో తగ్గుతుంది, కొందరికి వారాలు పడుతుంది. మాటిమాటికీ తగిలితే ఒళ్లు అలవాటు పడదు, ఇంకా ఎక్కువ తిరగబడొచ్చు. అన్నీ రాసిచ్చి, "కంట్లో పడలేదు కదా?" అని రెండు సార్లు అడిగింది.

ఆ రెండో సారి ఎందుకు అడిగిందో ఇంటికొచ్చి చదివాక అర్థమైంది. 2009లో ఇంగ్లండులోని లీడ్స్‌లో 29 ఏళ్ల ఒకాయన ఆసుపత్రికి వెళ్లాడు. మూడు వారాలుగా కన్ను ఎర్రబడి నీళ్లు కారుతోంది, వెలుగు చూడలేకపోతున్నాడు. కళ్లకలక అనుకుని వేసిన చుక్కలు పనిచేయలేదు. పెద్ద మైక్రోస్కోపు లాంటి దాంతో చూస్తే నల్లగుడ్డు మీది పొరలో సన్నటి వెంట్రుకలు దిగబడి ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు, అద్దాల పెట్టె మీద మొండి మరకను తుడుస్తుంటే సాలీడు తన మొహం మీదికి ఏదో విసిరిందని. ఆయనదీ మా రోజీ జాతే. ఆయనదీ మరకే! ఆ వెంట్రుకలు ఎంత సన్నవంటే పట్టకారుతో కూడా తీయలేకపోయారు. అందుకే కంట్లో పడితే నలపకుండా నీళ్లు ధారగా పోసుకుని నేరుగా కంటి డాక్టరు దగ్గరికి పోవాలి. నేను ఇప్పుడు పెట్టె దగ్గరికి వెల్డింగు కళ్లద్దాలు, గ్లౌజులు, మాస్కు వేసుకుని పోతున్నాను. పాలవాడు ఒకసారి కిటికీలోంచి చూసి, గ్యాస్ లీకైందేమోనని వీధంతా ఖాళీ చేయించాడు.

ఇంత జరిగాక అల్లుడి మీద కోపం రావాలి కానీ నాకు వేరే చోట మండింది. ఇదే చదువుడులో తెలిసింది, ప్రపంచంలో టరంట్యులాలు పెంచే షోకిలాలందరూ కళ్లు మూసి కలవరించే సాలీడు ఒకటుంది, మెరిసే నీలం రంగు, కాళ్ల మీద పసుపు మచ్చలు. దాని పేరు గుత్తి. మన గుత్తే సామీ! ఇక్కడికి యాభై కిలోమీటర్లు, కోట ఉన్న గుత్తి, రైళ్లు ఆగే గుత్తి. అక్కడి రైల్వే కలప యార్డులో దొరికిన సాలీడుకు 1899లో పోకాక్ అనే ఇంగ్లీషాయన పేరు పెట్టాడు. నిజానికి అది గుత్తిలో పుట్టలేదు, అడవి నుంచి కలపతో పాటు టికెట్ లేకుండా రైల్లో వచ్చిందని అనుకుంటున్నారు. తర్వాత వంద దాటి రెండేళ్ల పాటు ఎవరికీ కనపడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య నల్లమల చెట్ల తొర్రల్లో మళ్లీ దొరికింది. వంద చదరపు కిలోమీటర్లు కూడా లేని అడవిలో, అదీ కట్టెలకోసం నరుకుతున్న అడవిలో ఉందని లెక్కకట్టి, 2008లో అంతరించడానికి అంచున ఉన్న జీవుల పట్టికలో చేర్చారు. 2019లో దాని జాతి మొత్తానికీ అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలు పెట్టారు. ఆ నీలం కూడా రంగు పూత కాదట, వెంట్రుకల్లోని అతి సన్నటి పొరల మీద వెలుతురు పడి తిరిగొచ్చే తీరు వల్ల అట్లా మెరుస్తుందట.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, మన గుత్తి సాలీడు దురద నూగు విసరదు. ఆసియా, ఆఫ్రికా టరంట్యులాలకు ఆ విద్య లేదు. అవి నేరుగా కరుస్తాయి, ఆ నొప్పి, కండరాలు పట్టేయడం మామూలుగా ఉండదట. వెనక్కి తిరిగి బొచ్చు దులపడం, నాన్చడం లేదు, ముఖాముఖి. (ఈ సంగతి సినిమావాళ్ల చెవిన వేయకండి, వచ్చే సంక్రాంతికి సాలీడుతో తొడ కొట్టిస్తారు.)

అంటే ఏమైంది? జర్మనీవాడు గుత్తి సాలీడు నా దగ్గరుందని మీసం మెలేస్తున్నాడు, అనంతపురంవాడు చిలీ సాలీడుకు కూలర్ పెట్టి గోక్కుంటున్నాడు. పొరుగింటి పుల్లకూర రుచి అంటే విన్నాం, పొరుగు ఖండం దురద కూడా ముద్దేనని నా మోచేయి నిరూపించింది. గుత్తి స్టేషన్లో టీ తాగి రైలెక్కే మనలో ఎంతమందికి తెలుసు ఆ ఊరి పేరును పరాయి దేశాల పిల్లలు 'గూటీ' అని వంకరగా పలుకుతూ పెట్టె ముందు కూర్చుంటారని? అట్లాగని దాన్ని తెచ్చి మా హాల్లో పెట్టమని నేను అనడం లేదు, దయచేసి అపార్థం చేసుకోవద్దు, నల్లమలలో దాని తొర్ర దానికి వదిలేస్తే చాలు, ఆ తొర్ర ఉన్న చెట్టును కూడా వదిలేస్తే ఇంకా మంచిది.

ప్రభుత్వానికి నావి రెండే డిమాండ్లు. గుత్తి స్టేషన్లో ఊరి పేరు పక్కన ఆ నీలి సాలీడు బొమ్మ వేయాలి. రెండోది, పెళ్లి సంబంధాల బయోడేటాలో నక్షత్రం, గోత్రం, జీతం తర్వాత 'పెంపుడు జంతువులు, వాటి కాళ్ల సంఖ్య' అనే గడి తప్పనిసరి చేయాలి. నాలుగు దాటితే పంతులుగారు ఆలోచించి చెప్పాలి.

మొన్న పొద్దున మా ఆవిడ కేక విని పరుగెత్తాను. రోజీ వెల్లకిలా పడి ఉంది, కాళ్లు పైకి. అల్లుడికి ఏం సమాధానం చెప్పాలని ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. తులసి తీర్థం పోద్దామని గ్లాసు కూడా తెచ్చింది. వీడియో కాల్ చేస్తే అల్లుడు అర్ధరాత్రి నిద్రలోంచి లేచి, "అత్తా! ముట్టుకోవద్దు, నీళ్లు పోయొద్దు, చావలేదు, కుబుసం విడుస్తోంది" అని అరిచాడు. సాయంత్రానికి ఆవిడ పాత తొడుగు పక్కన పడేసి, పెళ్లికూతురిలా కొత్తగా లేచి కూర్చుంది. బట్టతల పోయింది. పొట్ట మీద నూగు నిండుగా, ఒత్తుగా, తళతళలాడుతోంది. మా ఆవిడ దిష్టి తీసింది.

"చాలా సంతోషం మామా" అన్నాడు అల్లుడు, "ఆడవి కదా, బాగా చూసుకుంటే ఇరవై ఏళ్లు బతుకుతాయి. అన్నట్టు, మాకిక్కడ ఇంకో ఆరు నెలలు పొడిగించారు."

వెంటనే చొక్కా వేసుకుని స్టేషనరీ షాపుకు వెళ్లి సెల్లో టేపు రోల్సు డజను ఇమ్మన్నాను.

"ఏందన్నా, ఇంట్లో ఫంక్షనా? గిఫ్టు ప్యాకింగుకా?" అన్నాడు షాపాయన.

"అట్లాంటిదే" అన్నాను, "అల్లుడిగారి తరఫువాళ్లు ఇంకొన్నాళ్లు ఉంటున్నారు."